తోడుపెళ్లికూతురి మనవి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో పెళ్లిళ్ల సీజన్ మీద వచ్చిన పేజీలు చదివాను. మాఘమాసం ముహూర్తాలు, చీరల రంగులు, మండపాల అలంకరణ, ఖర్చు తగ్గించుకునే మార్గాలు అన్నీ రాశారు. మధ్యలో ఒక పెద్ద ఫొటో వేశారు. పెళ్లికూతురికి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు అమ్మాయిలు ఒకే రంగు చీరల్లో నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఫొటో కింద పెళ్లికూతురి నగల గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఆ నలుగురి గురించి ఒక్క ముక్క లేదు. అలా పెళ్లికూతురి పక్కన నేను తొమ్మిది పెళ్లిళ్లలో నిలబడ్డాను. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడవైతే మన్నించండి.

మాది గూడూరు. పదకొండేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. అంబత్తూరు ఎస్టేట్‌లో మోటారు విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని. విల్లివాక్కంలో ఇంకో అమ్మాయితో కలిసి అద్దెకుంటున్నాను. నాకు 34 ఏళ్లు. పెళ్లి కాలేదు. పెళ్లి వద్దనుకున్నదాన్ని కాదు. నాకు ఒక తోడు కావాలి, నన్ను ఇష్టపడే మనిషి కావాలి, షిఫ్టు దిగి ఇంటికొస్తే ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకోవడానికి ఒకరుండాలి. ఈ మాట పత్రికకు రాయడానికి నాకు సిగ్గు లేదు. ఆడపిల్ల ఇలా బయటికి చెప్పకూడదని ఎవరన్నా అనుకుంటే అనుకోనివ్వండి.

మొదటిసారి తోడుపెళ్లికూతురినైనప్పుడు నాకు ఆరేళ్లు. మా పిన్ని పెళ్లి, నెల్లూరులో. నాకు ఆకుపచ్చ పట్టుపావడా కుట్టించారు. పిన్నికి నలుగు పెడుతూ పక్కన నన్ను కూర్చోబెట్టి నాకూ పెట్టారు. సున్నిపిండి కళ్లలో పడి ఏడిస్తే అమ్మమ్మ చెంగుతో తుడిచి, చేతిలో బూరె పెట్టింది. మన ఇళ్లలో తోడుపెళ్లికూతురంటే అప్పుడు చిన్నపిల్లే. పెళ్లికూతురికి బట్టలు పెడితే దానికీ పెట్టేవాళ్లు, ఆమెకు పారాణి పెడితే దానికీ పెట్టేవాళ్లు. ఆ పిల్లకు పనంటూ ఏమీ ఉండేది కాదు. అందరూ దాన్నే కనిపెట్టుకుని ఉండేవాళ్లు.

ఇప్పుడు ఆ చోట్లో ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లం నిలబడుతున్నాం. పేరు బ్రైడ్స్‌మెయిడ్ అన్నారు, పని మాత్రం పది రెట్లయింది. నా డిగ్రీ స్నేహితురాలి పెళ్లి సంగతి చెబుతాను. 2022లో, ఇక్కడే చెన్నైలో ఒక కల్యాణ మండపంలో. రెండు నెలల ముందు నుంచే ప్రతి ఆదివారం టీనగర్‌లో పానగల్ పార్కు దగ్గర పట్టుచీరల దుకాణాలకు తనతో వెళ్లాను. షావుకారుపేట గోవిందప్ప నాయకన్ వీధిలో బేరమాడి, తాంబూలంతో పాటు ఇచ్చే స్టీలు డబ్బాలు 250 కొని ఆటోలో తెచ్చాను. పెళ్లి రోజు తెల్లవారుజామున మూడున్నరకు కోయంబేడు పూల మార్కెట్‌లో ఉన్నాను. ముహూర్తాల రోజుల్లో మల్లెపూల ధర గంట గంటకూ మారుతుంది, ఆలస్యమైతే మంచి పూలు దొరకవు. మన ముహూర్తాలు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఆ రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. అప్పటిదాకా పెళ్లికూతురి నగల పెట్టె నా ఒళ్లోనే. తన ఫోన్ నా చేతిలో, తన మాత్రలు నా పర్సులో, పిన్నీసులు నా పమిట కొంగుకు. గౌరీపూజ దగ్గర తనకు నీరసంగా ఉందంటే గ్లూకోజు కలిపి తాగించింది నేనే. గంపలో కూర్చోబెట్టుకుని మేనమామలు తీసుకెళుతుంటే పూలజడ ఎక్కడా తగులుకోకుండా వెనకాలే పట్టుకుని నడిచాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అందరి కళ్లూ తెర వైపున్నాయి. నేను మాత్రం తన చెయ్యి వణుకుతోందా అని చూస్తున్నాను.

ఆ క్షణం నాకు ఎంతో ఇష్టం. ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. మూడు ముళ్లు పడి, తలంబ్రాలు మొదలై అందరూ నవ్వుతుంటే నాకూ సంతోషమే. నా స్నేహితురాళ్లెవరి మీదా నాకు కోపం లేదని ముందే చెప్పాలి. వాళ్లు పిలిచింది ప్రేమతోనే, నేను వెళ్లింది ప్రేమతోనే.

కానీ ఒక మాట ప్రతి ఇంట్లోనూ విన్నాను. "నీకేమ్మా, పెళ్లి కాలేదుగా, ఖాళీయే కదా." పెళ్లయిన స్నేహితురాళ్లను ముహూర్తానికి గంట ముందు రమ్మంటారు. పిల్లలున్నారని, అత్తగారున్నారని వాళ్లకు మినహాయింపు ఉంటుంది. నన్ను వారం ముందు రమ్మంటారు. సోమవారం ఉదయం ఆరు గంటల షిఫ్టుకు నేను విడిభాగాలు కొలిచే గేజీల ముందు నిలబడాలన్నది ఎవరికీ గుర్తు రాదు. సెలవులు అయిపోయి రెండుసార్లు జీతం కోత పడింది. డబ్బు సంగతి రాయడం ఇష్టం లేదు గానీ రాస్తాను. నేను ఖర్చులు ఒక పుస్తకంలో రాసుకుంటాను. అందరికీ ఒకే రంగు చీర, జాకెట్టు కుట్టుకూలి, మేకప్, రైలు, బహుమతి కలిపి తొమ్మిది పెళ్లిళ్లకు 1,94,000 రూపాయలైంది. అందులో ఆరు చీరలు మళ్లీ కట్టుకోలేదు.

ఇంకో మాట "పప్పన్నం ఎప్పుడు పెడతావు?" భోజనాల దగ్గర, ఫొటోల దగ్గర, చేతులు కడుక్కునే చోట కూడా అడుగుతారు. ఒక పెళ్లిలో లెక్కపెట్టాను, ఒక్క రోజులో పదిహేడు మంది అడిగారు. అడిగినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు. నా బాగు కోరేవాళ్లే. అయినా పదిహేడోసారి నవ్వి "చూద్దాం అత్తా" అనేసరికి లోపల ఏదో కుంగిపోతుంది. ఆ రోజు నేను నా స్నేహితురాలి సంతోషంలో ఉండాలని వచ్చాను. వాళ్లు నన్ను నాకు లేనిదాని దగ్గరికే తోసేశారు.

2023 వేసవిలో గూడూరులో మా పెదనాన్న కూతురి పెళ్లి. పసుపు దంచే రోజు. పసుపు కొమ్ములు నేనే చెన్నై నుంచి తెచ్చాను. రోలు కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది నేనే. రోకలికి తమలపాకు చుట్టి దారం కట్టింది నేనే. ఐదుగురు ముత్తైదువలు రండి అన్నారు. దూరపు చుట్టం ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పక్కకు జరుగమ్మా, పెళ్లైనవాళ్లు రావాలి" అంది. జరిగాను. గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తే అక్కడ మా అమ్మ నిలబడి ఉంది. మా నాన్న 2016లో పోయారు. అప్పటి నుంచి ఇలాంటి చోట ఎవరూ చెప్పకుండానే అమ్మ గుమ్మం బయట ఆగిపోతుంది. లోపల రోకటి పోట్లు, పాటలు. బయట తల్లీకూతుళ్లం. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఏమీ మాట్లాడలేదు.

వీరేశలింగం పంతులు గారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. ఆయన 1919లో కన్నుమూసింది ఈ మద్రాసులోనే. చిన్నప్పుడు పాఠంలో చదివి, తేదీతో సహా బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఇన్నేళ్ల తర్వాత మా అమ్మ ఇంకా గుమ్మం బయటే ఉంది. ఆ మధ్యాహ్నం నా బాధ కంటే అమ్మ బాధే నన్ను ఎక్కువ కోసింది, ఇప్పటికీ కోస్తోంది.

అందరూ అలా ఉండరు. పెరంబూరులో ఒక స్నేహితురాలి పెళ్లికి వాళ్ల నాయనమ్మ, ఎనభై దాటిన మనిషి, రోకలి తీసి నా చేతిలో పెట్టింది. ఎవరో ఏదో అనబోతే, "పిల్ల కోసం నాలుగు రోజులుగా నిద్ర మానుకున్న చెయ్యి ఇది. ఇంతకన్నా మంచి చెయ్యి ఎక్కడ తెస్తారు?" అంది. ఇంకెవరూ మాట్లాడలేదు. పసుపు దంచాను. ఆ పెళ్లి బాగానే జరిగింది. వాళ్లకిప్పుడు ఒక పాప.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. పప్పన్నం ఎప్పుడని అడిగేవాళ్లే, ఇద్దరు మనుషులు అరగంట మాట్లాడుకుంటే ఊరుకోలేరు.

2021 డిసెంబరులో నెల్లూరులో ఒక పెళ్లి. ముహూర్తం అయ్యాక తెల్లవారుజామున మూడు గంటలకు భోజనాల హాల్లో కాఫీ తాగుతున్నాను. పెళ్లికొడుకు స్నేహితుడు ఒకతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. హోసూరులో పని చేస్తాడట. నా పని గురించి అడిగాడు. మైక్రోమీటర్‌తో ఏం కొలుస్తారు, తేడా వస్తే ఏం చేస్తారు అని నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. వాళ్లమ్మ ఆరోగ్యం గురించి చెప్పాడు. జీతం ఎంత అని అడగలేదు. నాలుగేళ్లుగా పెళ్లిసంబంధాల యాప్‌లో ఉన్నాను, అందులో మొదటి మూడు ప్రశ్నల్లో జీతం రాని సంభాషణ నాకు దాదాపు లేదు. అందుకని ఆ అరగంట నాకు అంత గుర్తుండిపోయింది. పూల వాసన, చల్లారిన కాఫీ, దూరంగా ఆగి ఆగి వాయిస్తున్న నాదస్వరం. చాలా రోజుల తర్వాత నాకు టెన్షన్ లేకుండా మాటలు వచ్చాయి.

తెల్లారేసరికి మా ఇద్దరి ఫొటో బంధువుల వాట్సాప్ గ్రూపులో ఉంది. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. టిఫిన్ల దగ్గర ఒక మామయ్య వరసైన ఆయన అతన్ని నలుగురిలో నిలబెట్టి ఏ కులం, ఏ గోత్రం అని అడిగారు. ఇంకెవరో అప్పటికే అతని నాన్నగారికి ఫోన్ చేశారు. అతను నాతో చెప్పకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు. వారం తర్వాత మెసేజ్ వచ్చింది. "నా వల్ల మీకు ఇబ్బంది కలిగి ఉంటే క్షమించండి" అని. పర్వాలేదని రాశాను. అంతే. అతనితో నా పెళ్లయ్యేదని నేననను. అరగంట పరిచయం అది. ఆ రెండో అరగంట మాకు దొరకనివ్వలేదు, నా బాధ అంతే.

అమ్మాయికి పెళ్లి కాదేమోనన్న ఈ భయం మన ఒక్కళ్లదే కాదు. నా ఐదో పెళ్లి ఒక తెలుగు క్రైస్తవ స్నేహితురాలిది, చర్చిలో జరిగింది. అక్కడ ఒక పెద్దావిడ నిజంగా దిగులుపడి, "మూడుసార్లు బ్రైడ్స్‌మెయిడ్ అయితే ఇక పెళ్లికూతురు కాదంటారమ్మా, జాగ్రత్త" అంది. అది ఇంగ్లిష్ వాళ్ల పాత నమ్మకం. ఇంటికొచ్చి దాని గురించి వెతికి చదివాను. 1920ల్లో అమెరికాలో లిస్టరీన్ అనే మౌత్‌వాష్ ప్రకటన ఈ భయాన్నే పట్టుకుంది. తరచూ తోడుపెళ్లికూతురవుతున్నా పెళ్లికూతురు కాలేకపోతున్న ఒక అమ్మాయి బొమ్మ వేసి, వయసు ముప్పైకి దగ్గరపడుతోందని, ఆమె నోటి దుర్వాసనే కారణమని, సీసా కొనుక్కోమని చెప్పింది. ఆ ప్రకటనతో ఆ సామెత ఇంకా గట్టిగా నాటుకుపోయింది. వందేళ్ల కింద నోరు పుక్కిలించే మందు అమ్ముకోవడానికి వాడిన భయం, ఈ రోజు నా ఫోన్‌లో "ఆలస్యం చేయకండి, మంచి సంబంధాలు వెళ్లిపోతున్నాయి" అని ప్రతి రాత్రీ మోగుతోంది. ఇది చదివాక నా మనసు కొంత కుదుటపడింది. నాలో ఏదో లోపముందని నన్ను నమ్మించడంలో ఎవరికో లాభం ఉందన్నమాట.

తొమ్మిది పెళ్లిళ్లలో నాకు అన్నిటికన్నా దగ్గరైనది అన్నిటికన్నా చిన్నది. ఒంగోలు అమ్మాయి, తిరునెల్వేలి అబ్బాయి. మతాలు వేరు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద రిజిస్టరాఫీసులో చేసుకున్నారు. నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగాలి, ఎవరి నుంచీ సరైన అభ్యంతరం లేకపోతే వధూవరులు, ముగ్గురు సాక్షులు అధికారి ముందు సంతకాలు పెట్టాలి. ఆ ముప్పై రోజులూ తను మా గదిలోనే ఉంది. రాత్రి లిఫ్టు చప్పుడైతే లేచి కూర్చునేది. పెళ్లి రోజు ఇద్దరికీ రెండు చామంతి దండలు, అంతే. సాక్షుల్లో ఒకరిగా నేను పేరు రాసి సంతకం పెట్టాను. అన్ని పెళ్లిళ్లలో తిరిగాను గానీ నా పేరు కాగితం మీద పడింది అక్కడొక్కచోటే. ఈ పెళ్లి జరిగిందని ప్రభుత్వానికి చెప్పగల మనిషిని నేను. నీకు పెళ్లైందా అని అక్కడ ఎవరూ అడగలేదు. సాక్షికి పెళ్లై ఉండాలన్న షరతు ఆ చట్టంలో లేదు. బయటికొచ్చి అందరం హోటల్లో పొంగలి, వడ తిన్నాం. తను నా చెయ్యి వదల్లేదు.

పెద్ద పెళ్లిళ్ల తర్వాత రోజు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. అప్పగింతలయ్యాక పెళ్లికూతురు కారెక్కుతుంది. అందరూ ఏడుస్తారు, నేనూ ఏడుస్తాను. తర్వాత మండపంలో కుర్చీలు మడుస్తుంటారు. పెళ్లికూతురి గదిలో మిగిలిన సామాను సర్ది వాళ్లమ్మకు అప్పజెప్పి, సెంట్రల్ నుంచి లోకల్ రైలెక్కి విల్లివాక్కంలో దిగుతాను. ఒకసారి లేడీస్ పెట్టెలో పూలమ్మే ఆమె నా పట్టుచీర, తలలో వాడిన మల్లెపూలు చూసి, "కల్యాణమా అక్కా?" అని తమిళంలో అడిగింది. అవునన్నాను. ఎవరిదని ఆమె అడగలేదు, నా పక్కన చోటు చేసుకుని కూర్చుంది. రెండు స్టేషన్లు ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. ఆ రోజు నాకు కావలసింది అదే.

పెళ్లి చేస్తున్న ఇళ్లవాళ్లకు నా మనవి. మీ అమ్మాయి పక్కన నిలబడే పిల్లకు ముందుగా ఫోన్ చేసి, నీకు ఎన్ని రోజులు వీలవుతుందమ్మా అని అడగండి. చీర మీరు ఎంచితే మీరే కొనిపెట్టండి, లేకపోతే తన దగ్గరున్న మంచి చీర కట్టుకోనివ్వండి. వేళకు అన్నం తిన్నదో లేదో చూడండి. తను ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడుతుంటే ఆ వైపు వెళ్లకండి, ఫొటో తీయకండి, ఎవరికీ ఫోన్ చేయకండి. మీరు నిజంగా మా పప్పన్నం తినాలనుకుంటే ముందు ఆ కాస్త చోటివ్వండి. పసుపు దంచే రోజు పెళ్లికాని స్నేహితురాలిని, భర్త పోయిన మేనత్తను గుమ్మం దాటి లోపలికి రమ్మనండి. పెళ్లికూతురూ, నీకూ చెబుతున్నాను. మీ బంధువులు నన్ను అడుగుతుంటే నువ్వు పక్కనుండి నవ్వకు. ఒక్కసారి "అత్తా, దాన్ని వదిలెయ్" అను. నువ్వంటే వింటారు, ఆ రోజు నీది.

సంపాదకులకు కూడా ఒక విన్నపం. వచ్చే ఆదివారం అలాంటి ఫొటో వేస్తే, పక్కనున్న అమ్మాయిల పేర్లు కూడా అడిగి వేయండి.

మాఘంలో నాకు పదో పెళ్లి ఉంది. నెల్లూరు పిన్ని కూతురిది. ఏ పిన్ని పక్కన ఆరేళ్లప్పుడు కూర్చున్నానో ఆమె కూతురే. పోయిన వారం పిన్నికి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. చెబుతుంటే గొంతు వణికింది. అటు వైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత పిన్ని, "నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని పీటల మీదికి వెళ్లినదాన్ని, నిన్ను జరగమంటానా? అక్కను కూడా తీసుకురా. నేను రెండు రోకళ్లు తెప్పిస్తాను" అంది.

శుక్రవారం మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీశాను. సెలవు రెండు రోజులే పెట్టాను, సోమవారం షిఫ్టుకు వచ్చేస్తానని పిన్నితో ముందే చెప్పాను. సరేనంది. గూడూరులో అమ్మ ఎక్కుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విల్లివాక్కం, చెన్నై